మిలాన్ వాట్సాప్ చతుష్పది: టీకా తాత్పర్య సహితము

మూలము

అమ్మా తిన్న, మంచిగనే ఉన్న.
అన్నం వండుకుంటున్న, పాస్తా గూడ అలవాటైంది.
శనివారం పీసా పోయినం, ఫోటోలు పెట్టిన సూడు.
పైసలు పంపొద్దను నాయినను. మళ్ల చేస్త.

అవతారిక

మెతుకుసీమలోని కొలిచెలమ, అంటే నేటి మెదక్ జిల్లా కొల్చారం, ఇంటిపేరుగా గల మల్లినాథసూరి కాళిదాసు మొదలు శ్రీహర్షుడి దాకా వ్యాఖ్యానాలు రాస్తూ ఒక ఒట్టు పెట్టుకున్నాడు. మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆ ఒట్టు. మొదటి సగం మేమూ పాటిస్తాం. రెండో సగం పాటిస్తే ఈ వ్యాసం ఇక్కడే ఆపాలి.

ప్రస్తుత గ్రంథకర్త జనగామవాడు. మిలాన్ నగరంలో మాస్టర్స్ చదువుతున్నాడు. పేరు గ్రంథంలో లేదు, తల్లి ఫోనులో ‘చిన్నోడు’ అని మాత్రం ఉంది. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతన బమ్మెర రెండూ ఈనాడు ఒకే మండలంలో, ఆ మండలం జనగామ జిల్లాలో ఉన్నాయి కనుక, ఈ పిల్లవాడు నాలుగు పాదాలు రాస్తే వాటికి టీక అవసరమా అని ఎవరూ అడగకూడదు. నేల గుణం.

ఇటలీకే ఎందుకు పోయాడని అడిగితే జవాబుంది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి తగ్గుతుంది. ప్రాంతీయ ప్రభుత్వాల స్కాలర్‌షిప్పూ అంతే. అందుకని జనగామ మీ సేవ కేంద్రంలో తీసిన ఆదాయ ధ్రువపత్రం అపొస్టిల్ ముద్ర వేయించుకుని, ఇటాలియన్‌లోకి మారి, కవి కంటే ముందు ప్రయాణానికి సిద్ధమవుతుంది. తండ్రి జీతం మిలాన్‌లో ఒక గుమాస్తాకు తెలుసు, జనగామలో మేనమామకు తెలియదు.

ఈ గ్రంథానికి మూడు వ్యాఖ్యాన సంప్రదాయాలు ఉన్నాయి. తల్లిది జనగామ సంప్రదాయం, అది తిండిని మాత్రమే ప్రమాణంగా తీసుకుంటుంది. అమ్మమ్మది మానుకోట సంప్రదాయం (మహబూబాబాద్ అని రైల్వేవాళ్లు అంటారు), అది ప్రతి వాక్యాన్నీ పెండ్లి పరంగా అన్వయిస్తుంది. తండ్రి భూపాలపల్లిలో సింగరేణి బాయి పనికి పోతాడు, కాబట్టి మూడోది భూపాలపల్లి సంప్రదాయం. షిఫ్టు, జీతం, సెలవు అనే మూడు పదార్థాలు తప్ప నాలుగోది అది ఒప్పుకోదు.

ఛందస్సు

అప్పకవీయంలో వెతకనక్కరలేదు. మొదటి రెండు పాదాల్లో ప్రాస ‘మ్మ’, ‘న్న’ అని చుట్టరికం కలుపుకుంది, మూడో పాదంలో పట్టు జారింది. యతిస్థానంలో రెండు నీలి టిక్కులు పడితే పద్యం చదివినట్టు. పడకపోతే తల్లికి రాత్రి నిద్ర ఉండదు.

మొదటి పాదం

అమ్మా = ఓ తల్లీ. తిన్న = భుజించితిని. మంచిగనే = బాగుగానే. ఉన్న = ఉన్నాను.

శంక: ఏ పూట తిన్నాడు? సందేశం జనగామలో రాత్రి పది గంటలకు దిగింది. చలికాలంలో ఇటలీ మన కంటే నాలుగున్నర గంటలు వెనక. మార్చి చివరి ఆదివారం వాళ్లు గడియారాలు ముందుకు తిప్పినప్పుడు అది మూడున్నర అవుతుంది. కాబట్టి డిసెంబరులో కవి ఈ మాట అన్నది సాయంత్రం ఐదున్నరకు. అక్కడి హోటళ్ల వంటగదులు మధ్యాహ్నం రెండున్నరకో మూడింటికో మూసుకుని, మళ్లీ సాయంత్రం ఏడు దాటితే గాని తెరుచుకోవు. విద్యార్థుల మెస్సు, దాన్ని మెన్సా అంటారు, దానిదీ అదే దారి. ఐదున్నరకు తినే పూట ఇటలీలో లేనే లేదు.

సమాధానం: కొందరు ఇది మధ్యాహ్న భోజనం గురించి అంటారు. అది నిలవదు. తల్లి అడిగింది రాత్రి పది గంటలకు, అడిగింది రాత్రి తిండి సంగతి. ప్రశ్న జనగామ కాలంలో, జవాబు మిలాన్ కాలంలో ఉంటే అర్థం ఎక్కడ కలుస్తుంది? కాబట్టి ‘తిన్న’ రూపంలో భూతకాలం, అర్థంలో భవిష్యత్తు. ‘తింటాను, నువ్వు పడుకో’ అని భావం. వ్యాకరణం దీన్ని తప్పంటుంది. ప్రవాసంలో ఉన్నవాళ్లందరూ దీన్ని వాడుతున్నారు కనుక ఆర్ష ప్రయోగంగా ఒప్పుకోవాలి.

ఇక ‘మంచిగనే’ లోని ‘నే’ ఏకారం. ‘మంచిగ ఉన్న’ అంటే సరిపోయేది. ఆ ‘నే’ ఎందుకు వచ్చింది? జనగామ సంప్రదాయం ఈ ఒక్క అక్షరం మీద రాత్రి పదకొండు దాకా మేలుకుంది. జలుబు చేసిందని తేల్చింది. ఆధారం అడిగితే ‘నాకు తెల్వదా’ అంది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం తర్వాత ఇది ఇంకొక ప్రమాణం, తార్కికులు లెక్కలో వేసుకోలేదు.

రెండో పాదం

అన్నం వండుకుంటున్న = స్వయంపాకం చేయుచున్నాను.

ఇక్కడ విరోధాభాసాలంకారం ఉంది. యూరప్‌లో అందరికంటే ఎక్కువ వరి పండించేది ఇటలీయే. మిలాన్‌కు పడమరగా నొవారా, వెర్చెల్లి, దక్షిణాన పావియా, ఇవన్నీ పో నది మైదానంలో వరిసీమలు. వేసవిలో రైలు కిటికీలోంచి చూస్తే మడుల్లో నీళ్లు. అటువంటి సీమ పక్కన ఉండి జనగామ పిల్లవాడు బియ్యానికి ఎందుకు వెతుక్కోవాలి? కార్నరోలి, ఆర్బోరియో అనే ఆ బియ్యం పుట్టిందే రిసోట్టో కోసం. పొట్టిగా, లావుగా ఉండి, ఉడికేటప్పుడు పిండి వదిలి చిక్కబడటం దాని ధర్మం. 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన సాంబ మసూరి తిని పెరిగిన నాలుకకు మెతుకు మెతుకు విడిగా ఉండాలి. అందుచేత కవి బంగ్లాదేశీ దుకాణంలో బాస్మతి కొంటాడు. జనగామలో బాస్మతి అంటే దావతు. మిలాన్‌లో అదే బియ్యం మంగళవారం పప్పులోకి వస్తుంది. రోజూ బిర్యానీ బియ్యం తింటున్నాడని విని మేనత్త సంతోషించింది. ఆ సంతోషాన్ని చెడగొట్టడం వ్యాఖ్యాత పని కాదు.

పాస్తా గూడ అలవాటైంది = పాస్తా కూడా అభ్యాసమైనది.

‘గూడ’ సముచ్చయం కాదు, లొంగుబాటు. పాస్తాను ఇటలీవాళ్లు పలుకు మీదనే దించుతారు, పంటికి తగలాలంటారు. ‘ఉడకలేదు, ఇంకో రెండు విజిల్లు పెట్టు’ అని తల్లి వీడియో కాల్‌లో అంటుంది. స్పగెట్టిని విరిచి గిన్నెలో వేస్తే గదిలో ఉండే ఇటలీ మిత్రుడు నొచ్చుకుంటాడు. వాడు బయటికి పోయాక ఆవాలు, జీలకర్ర, ఎండు మిరపకాయతో దానికి తాలింపు పడుతుంది. ఈ రహస్యం మూలంలో లేకపోయినా వంటింటి పొగ గుర్తు పట్టే యంత్రం మోతే ఆధారం కనుక మల్లినాథుడి ఒట్టు చెడలేదు.

అయినా ఒక్క వంటకం దగ్గర కవి నిజంగానే లొంగాడు. వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండు మిరప, అంతే వేసి స్పగెట్టిని కలిపేస్తారు. నూనె పేరు మారిస్తే అది మనింటి వెల్లుల్లి కారమే. తరచి చూస్తే ఇందులో వింత లేదు. మిరపా టమాటా రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. 1492కు ముందు ఇటలీలో ఎర్రని సాస్ లేదు, మానుకోటలో ఎర్రని కల్లం లేదు. ఉభయుల వంటిళ్లకూ ఆ రంగు ఓడల మీదనే దిగింది. ఇక్కడ అమ్మమ్మ వాదం ఒకటి నమోదు చేయాలి: ఇటలీవాళ్లకు రంగు కావాలి, మంట వద్దు కదా, వాళ్లకు చపాటా మిరప పంపితే సరి. వరంగల్ చపాటా, 2025లో భౌగోళిక గుర్తింపు పొందినది, టమాటాలా గుండ్రంగా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. పెండ్లి విషయం రాని అమ్మమ్మ వాక్యం గ్రంథం మొత్తంలో ఇదొక్కటే.

మూడో పాదం

శనివారం = స్థిరవారమున. పీసా = పీసా అనే పట్టణానికి. పోయినం = వెళ్లితిమి.

మానుకోట సంప్రదాయం ‘పోయినం’ లోని బహువచనం దగ్గర ఆగిపోయింది. ‘పోయిన’ అనక ‘పోయినం’ అన్నాడు, పక్కన ఎవరు? ఫోటోల్లో నలుగురు మొగపిల్లలు ఉన్నారని తల్లి చూపించింది. ఫోటో తీసింది ఎవరని అమ్మమ్మ అడిగింది. ఈ శంకకు ఇంతవరకు సమాధానం లేదు.

పీసానే ఎందుకు, పారిస్ ఎందుకు కాదు? ఇది మేనమామ ఆక్షేపం. దీనికి గ్రంథంలో లేని ఒక కాగితం సంగతి తెలియాలి. ఇటలీలో దిగిన ఎనిమిది పని దినాల్లోగా పోస్టాఫీసులో ఒక కిట్టు తీసుకుని నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. తర్వాత పోలీసు కార్యాలయంలో వేలిముద్రలు. కార్డు చేతికి రావడానికి నెలలు పడుతుంది. అందాక పోస్టాఫీసు రసీదే గతి. తెచ్చుకున్న వీసా గడువు తీరిపోతే ఆ రసీదుతో ఇటలీలో ఉండవచ్చు గాని పక్కనున్న షెంగెన్ దేశాలకు పోరాదు. కాబట్టి కవి విహారాలన్నీ దేశం లోపలే. మేనమామ దీన్ని పిసినారితనం అనుకున్నాడు.

పోక ఎట్లా? వేగం బండి కాదు, ఛార్జీ తక్కువ ఉన్న రీజినల్ బండ్లు, జెనోవా మీదుగా మారుకుంటూ, పోను నాలుగైదు గంటలు. కాగితం టికెట్టును ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించకపోతే టికెట్టు కొన్నా జరిమానా తప్పదు. శుక్రవారం సమ్మె పెట్టుకునే అలవాటు అక్కడి రైలు సంఘాలకు ఉంది, అందుకే శనివారం ఎంచుకున్నాడని భూపాలపల్లి వ్యాఖ్య. ఆ సంప్రదాయానికి సమ్మెల సంగతి ఇంకొకరు చెప్పక్కరలేదు.

ఫోటోలు పెట్టిన సూడు = చిత్రములను పంపితిని, కనుము. వీటిలో కవి రెండు చేతులూ ముందుకు చాచి, పడబోయే గోపురాన్ని ఆపుతున్నట్టు నిలబడ్డాడు. పీసా పోయిన ప్రతివాడూ ఆ పచ్చిక మీద అట్లాగే నిలబడతాడు. అతిశయోక్తి అని అలంకారికులు అంటారు, ‘జర దూరం జరుగు బిడ్డా’ అని తల్లి జవాబు పెట్టింది.

ఆ గోపురం 1173లో మొదలైంది. నేల మెత్తన. మూడో అంతస్తు లేచేసరికే ఒరిగింది. అది సగంలో ఆగి ఉన్న కాలంలోనే, 1213లో, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. అక్కడి శిల్పులు ఇసుక నింపిన పునాది మీద గుడిని నిలిపి, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు పెట్టారు. పీసా గుడి ప్రాంగణానికి యునెస్కో గుర్తింపు 1987లో వచ్చింది, రామప్పకు 2021లో. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు రామప్ప భూపాలపల్లి జిల్లాలో ఉండేది, 2019లో ములుగుకు పోయింది. భూపాలపల్లి క్వార్టర్లలో సెలవులు గడిపిన కవి రామప్పకు ఎన్నడూ పోలేదు. కాళేశ్వరం ఒకసారి, అదీ పుష్కరాలకు. రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో ఆదిమానవుల బొమ్మలు ఉన్నాయని అతనికి మిలాన్‌లో ఒక ఇటలీ ప్రొఫెసర్ చెప్పాల్సి వచ్చింది. ఈ దోషాన్ని కవి మీద మోపడానికి లేదు, మనలో చాలామంది అంతే.

విహారానికి పేజీలు, తిండికి ఒక్క మాట అనే ఈ మర్యాద కొత్తది కాదు. పదమూడో శతాబ్దం చివర వెనిస్‌వాడు మార్కోపోలో ఎదురు దిక్కున మన తీరానికి వచ్చాడు. మోటుపల్లి రాజ్యాన్ని ఏలే రాణి గురించి రాశాడు, ఆమె రుద్రమదేవే అని చరిత్రకారులు అంటారు. వజ్రాల లోయ, పాములు, డేగలు అని మురిసిపోయి రాశాడు. జనం తినేది మాత్రం అన్నం, మాంసం, పాలు అని చప్పున తేల్చేశాడు.

నాలుగో పాదం

పైసలు పంపొద్దను నాయినను = ధనము పంపవలదని తండ్రికి చెప్పుము.

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో పైకి నిషేధంగా ఉండి లోపల విధిగా ధ్వనించే వాక్యాల గురించి చర్చించాడు. ఆయన చూపినవి ప్రేమ సందర్భాలు, అద్దె సందర్భం ఆయన దాకా రాలేదు. ‘పంపొద్దు’ అన్నాడంటే అవసరం గుర్తొచ్చిందన్నమాట, అవసరం లేనివాడికి ఆ మాటే తట్టదు. స్కాలర్‌షిప్పు విడతలుగా వస్తుంది, నిర్ణీత గడువులోగా ఇన్ని క్రెడిట్లు తెచ్చుకుంటేనే వస్తుంది. విద్యార్థి అనుమతి మీద వారానికి ఇరవై గంటలు మాత్రమే పని చేయవచ్చు. అద్దెకు అటువంటి నియమం ఏదీ లేదు. తండ్రి మర్నాడే పైసలు పంపాడు. వ్యాఖ్యానాల్లో ఉత్తమమైనది ఇదే, ఒక్క అక్షరం రాయలేదు.

భూపాలపల్లి సంప్రదాయం శనివారం మీద ఇంకో మాట అంది. సింగరేణిలో వారాంతపు సెలవును ప్లేడే అంటారు. ఆ రోజు డ్యూటీకి పిలిస్తే రెట్టింపు కూలి. ‘నేను ప్లేడేలు అమ్ముకున్న, వాడు వాడుకుంటున్నడు, మంచిదే’ అన్నాడు తండ్రి. పీసా ఫోటోను గనిలో తోటివాళ్లకు చూపించాడని వినికిడి.

మళ్ల చేస్త = పునః ఫోను చేయుదును. స్పష్టం.

తాత్పర్యం

ఓ తల్లీ, ఇంకా తినలేదు. బియ్యం ఖరీదు. గోపురం బాగుంది. నాయిన పంపితే కాదనను.

విన్నపం

ఈ టీక చదివి సూట్‌కేసు సర్దబోయే తల్లులకు ఒక మనవి. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికుల సామానులో మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. నెయ్యి డబ్బా, మటన్ తొక్కు ఎంత బాగా చుట్టినా విమానాశ్రయంలో పారేస్తారు. పచ్చి కరివేపాకుకూ ధ్రువపత్రం అడుగుతారు. కారం, చింతపండు, మామిడి తొక్కు, సకినాలు పెట్టండి.