పాతిక వేలలో పాతాళం

నీళ్లలో చేపను చూడటానికి పెద్ద ఖర్చేం లేదు. కళ్లద్దాలూ గొట్టమూ అద్దెకిస్తారు, ముఖం ముంచితే చాలు. చూసిన చేపను బంధువులకు చూపించాలన్న కోరిక పుట్టినప్పుడే మనిషి అప్పులపాలవుతాడు.

మా ఆవిడకు ఈ సంగతి ముందే తెలుసు. అండమాన్ టికెట్లు బుక్ చేసిన రోజునే బడ్జెట్ ప్రకటించింది. స్వరాజ్ ద్వీప్‌లో (2018 దాకా హావ్‌లాక్ అనేవాళ్లు) సముద్రం అడుగున వీడియో తీసే సరంజామాకి మొత్తం పాతిక వేలు. ‘మొత్తం’ అన్న మాటను రెండుసార్లు ఒత్తి పలికింది. పార్లమెంటులో పెట్టే బడ్జెట్‌కైనా సవరణలుంటాయి గానీ దీనికుండవు.

సాంకేతిక సలహాదారు మా బామ్మర్ది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఏ వస్తువు గురించైనా రాత్రంతా వీడియోలు చూసి, తెల్లారి మనచేత కొనిపిస్తాడు.

“బావా, చేతిలో ఫోనుండగా కెమెరా దేనికి? నీది ఐపీ 68 కదా!” అన్నాడు ఎత్తుకోవడమే.

ఆ ఐపీ 68 కింద చిన్నచిన్న అక్షరాలుంటాయి. కదలని మంచినీళ్లలో, కంపెనీవాడు చెప్పిన లోతులో, అరగంట తట్టుకుంటుందట. ఆ లోతు కొన్ని ఫోన్లకు మీటరున్నర, కొన్నిటికి 6 మీటర్లు. దానికిందే ఇంకో ముక్క: నీళ్లు దిగి పాడైతే వారంటీ వర్తించదు. అంటే, ముంచుకోవచ్చు, మునిగితే మాత్రం మాకు చెప్పొద్దు. ఇక మా విశాఖ రుషికొండ బీచ్‌లో మెడకు తగిలించుకునే ప్లాస్టిక్ సంచులమ్ముతారు. వాటిలో పెట్టుకుని దిగితే ఫోన్ తడవకపోవచ్చు, కానీ నీళ్లలో తెరకు వేలి స్పర్శ తెలియదు. పక్కనున్న వాల్యూమ్ బటన్‌తోనే రికార్డింగ్ మొదలెట్టాలి. సంచి మీంచి ఆ బటన్ ఎక్కడుందో తడుముకునేలోగా చేప వాళ్ల ఊరెళ్లిపోతుంది.

ఫోన్ ఫైలు మూసి, యాక్షన్ కెమెరా ఫైలు తెరిచాం. 2016లో వచ్చిన హీరో 5తో గోప్రో పైకేసు లేకుండానే 10 మీటర్ల దాకా దిగడం మొదలుపెట్టింది. డీజేఐ వాళ్ల ఆస్మో యాక్షన్ 4 అయితే 18, యాక్షన్ 5 ప్రో అయితే 20. తగిన కేసు తొడిగితే ఇవన్నీ 60 మీటర్లకు దిగుతాయి. శిక్షణ లేకుండా సరదాకి దిగే నాబోటివాళ్లకు 12 మీటర్లే హద్దు. చూశారా తిరకాసు? 10 మీటర్ల కెమెరా కొంటే ఆఖరి రెండు మీటర్ల కోసం కేసు కొనాలి. 10 మీటర్లు దిగేసరికి చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలో ఒత్తిడి అదనంగా పడుతుంది. అగ్గిపెట్టెంత తెర మీద పదిహేను కిలోల పైమాటే. నాడా కోసం గుర్రాన్ని మార్చుకోవడం తెలివైన పనేనని, 18 మీటర్ల పాత మోడల్ వైపు మొగ్గాం. కొత్త మోడల్ వచ్చిన మర్నాటి నుంచి పాతదాని మీద అందరికీ చిన్నచూపే. ఆ చిన్నచూపే మా బడ్జెట్‌కు ఆధారం.

“4కే ఉండాలి బావా. హెచ్‌డీ ఏంటి, ఇంకా పాతకాలం వాడివి.”

4కేలో చుక్కలు ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లన్నది నిజమే. కానీ మా విశాఖ తీరంలో నీళ్లు హెచ్‌డీ కాదు. ఒండ్రూ నాచుతునకలూ కలిసిన ఆకుపచ్చ నీళ్లు. ఇక్కడ 4కే పెట్టి తీస్తే నాలుగు రెట్ల స్పష్టతతో బురద కనిపిస్తుంది. అండమాన్‌లో నీళ్లు తేటగా ఉంటాయి, ఒప్పుకుంటాను. తీసింది తీసుకెళ్లి పడేసేది మాత్రం వాట్సాప్ గుంపులోనే. అది ఎంత గొప్ప వీడియోనైనా పిండి, ఆరేసి గానీ మా పెద్దమ్మ ఫోన్‌కి పంపదు.

అసలు వృత్తి నిపుణులకు ఈ పట్టింపులే లేవు. మా బామ్మర్ది వాళ్లది అనంతపురం జిల్లా. చీనీ తోటలో బోరు మోటారు జారి లోపల పడితే బోరు కెమెరా అతన్ని పిలిపించారు. పెద్ద కేబుల్ చుట్ట, దాని చివర జానెడు కెమెరా, చుట్టూ చిన్నచిన్న ఎల్ఈడీలు. గట్టు మీద తెర, తెర మూల లోతు చూపే అంకెలు. రంగుల్లేవు, చేపల్లేవు, 4కే ఊసే లేదు. గంటసేపు బండరాయి, ఇంకా బండరాయి. ఒకచోట రాతి చీలికలోంచి సన్నగా నీరు ఊరుతూ కనిపించేసరికి ఊరు ఊరంతా కేక పెట్టింది. అంత ఉత్కంఠతో జనం చూసిన నీటి అడుగు సినిమా నాకు తెలిసి ఇంకోటి లేదు. “అతన్నే అండమాన్ తీసుకుపోతే?” అన్నాడు బామ్మర్ది. ఖర్చు లెక్కేసి ఊరుకున్నాం.

ఆ బోరు కెమెరాలో గమనించాల్సింది ఒకటుంది: కెమెరా కంటే దాని చుట్టూ ఉన్న లైట్లే ముఖ్యం. సముద్రం మొట్టమొదట మింగేది ఎరుపును. ఐదారు మీటర్లు దిగేసరికి అది చాలామటుకు పోతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. లోతులో వేలు కోసుకుంటే కారే నెత్తురు ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఇంత డబ్బు పోసి దిగినా ఆఖరికి అన్ని చేపలూ నీలిమందులో ముంచి తీసినట్టే వస్తాయి. దీనికి చవక మందు ఎర్ర ఫిల్టర్. నీలం నీళ్లకు ఎరుపుది, మావంటి ఆకుపచ్చ నీళ్లకు మెజెంటా రంగుది. అది ఎరుపును ఎక్కణ్నుంచీ పట్టుకురాదు. ఉన్నవాళ్ల దగ్గర కోసేసి అందర్నీ పేదవాళ్లను చేసి సమానత్వం తెస్తుంది. ఉన్న వెలుగు ఇంకాస్త తగ్గుతుంది.

కాబట్టి లైటు కొనక తప్పదు. ఇది ఈనాటి ఖర్చు కాదు. 1893లో ఫ్రాన్స్‌లో లూయీ బూతాన్ అనే శాస్త్రజ్ఞుడు నీళ్లలో ఫోటోలు తీయడం మొదలుపెట్టినప్పుడు, వెలుగు కోసం ఏకంగా ఒక పీపానిండా ఆక్సిజన్ నింపి దానిమీద దీపం పెట్టి మెగ్నీషియం మండించాల్సి వచ్చింది. మనకిప్పుడు ఆ పీపా పిడికిట్లోకొచ్చింది, ధర మాత్రం పీపాదే. పైగా లైటును లెన్సు పక్కనే బిగిస్తే నీళ్లలోని ప్రతి నలకా మెరిసి, చేప మొహం మీద మంచు కురుస్తున్నట్టుంటుంది. అందుకని లైటు పక్కకు జరగాలి. జరగాలంటే ట్రే కావాలి, ట్రేకి ఆర్మ్, ఆర్మ్‌కి క్లాంపు, క్లాంపుకి బంతిలాంటి ఇంకో ముక్క. ఇంతాచేసి 2,000 ల్యూమెన్ల లైటైనా వీడియోలో రంగు తెచ్చేది మీటరు, మీటరున్నర దూరం వరకే. పాతిక వేలలో సగం పైన లైటుకే కేటాయించాలన్నది నా వాదన. మా బామ్మర్ది ఒక పూటంతా నాతో మాట్లాడలేదు.

ఈలోగా ఆఫీసులో ఒకాయన తన పాత కెమెరా కేసు చూడమని ఇచ్చాడు. లక్షల సరుకునైనా సముద్రం పాలు చేయగలిగిన వస్తువు అందులోనే ఉంది. పేరు ఓ-రింగు, చూడ్డానికి ప్రెషర్ కుక్కర్ గాస్కెట్టుకు మనవరాలు. భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాన్ని గాడిలోంచి తీసి, చూపుడువేలి కొసతో చుట్టూ తడుముతూ వచ్చాను. ఒకచోట వేలికి గరుకు తగిలింది. దీపం కిందకు తెచ్చి చూస్తే ఒక వెంట్రుక, తెల్లది. ఎవరిదన్న చర్చ మా ఇంట్లో జరగలేదు. ఆ ఒక్క వెంట్రుక సందులోంచి నీళ్లు దారి చేసుకుంటాయి. గ్రీజుకు బదులు కొబ్బరినూనె రాద్దామన్నాడు బామ్మర్ది. కొన్ని కేసులకు సిలికాన్ గ్రీజు లేశమంత పూయాలి, కొన్నిటికి అసలేమీ పూయకూడదు. కొబ్బరినూనె అన్న కేసు ఇంతవరకు పుట్టలేదు.

కెమెరా పెట్టకుండా, లోపల టిష్యూ కాగితం మడిచిపెట్టి, కేసు మూసి బకెట్లో వేశాం. తేలిపోతుంటే పైన రుబ్బురోలు పొత్రం ఎక్కించాం. బకెట్ లోతు పరీక్ష ఏం పరీక్షని నవ్వక్కర్లేదు. లోతుకెళ్లేకొద్దీ ఒత్తిడికి రింగు మరింత బిగుసుకుంటుంది, సరిగ్గా కూర్చోని రింగు చాలాసార్లు బకెట్లోనే బయటపడిపోతుంది. కాగితం పొడిగానే వచ్చింది. ఇక మిగిలింది ఆవిరి. మా ఊరి ఉక్కలో కేసు మూస్తే ఆ తేమంతా లోపలే ఉండిపోయి, కిందకెళ్లాక అద్దానికి పట్టేస్తుంది. ఏసీ గదిలో మూసి, లోపల సిలికాజెల్ పొట్లం పెట్టాలి. ఆ పొట్లాలకోసం చుట్టాలింట్లో కొత్త చెప్పుల డబ్బా కనబడితే చాలు, నా చూపు అటే పోతోంది.

ఇలా అంకెలన్నీ ఒక కొలిక్కొచ్చిన పూట, మా ఆవిడ ఫోన్ పెట్టేసి వచ్చింది.

“ఏవండీ, అక్కడి డైవింగు వాళ్లతో మాట్లాడాను. వీడియో వాళ్లే తీసిస్తారట, ప్యాకేజీలోనే. మొదటిసారి దిగేవాళ్ల చేతికి కెమెరా ఇవ్వరట కూడా. వెనకాల సిలిండర్ పట్టుకుని వాళ్లే నడిపిస్తారట.”

“వాళ్లు తీసేది నన్ను. నేను తీయాలనుకునేది చేపల్ని.”

“మిమ్మల్ని చూడ్డానికైతే చుట్టాలొస్తారు. చేపల్ని చూడాలంటే చేపల రేవుకే పోతారు.”

నిశ్చలంగా తేలడం నేర్వనివాడు నీళ్లలో ఏ కెమెరా పట్టినా భూకంపమే రికార్డవుతుందన్నది నాకూ తెలుసు. ఆ డబ్బు పెట్టి డైవింగు కోర్సు చేరడమే న్యాయమనీ తెలుసు. అయినా వాదించాను. కెమెరా ఫైలు పరిశీలనలో పెట్టారు. లైటుకు మాత్రం అక్కడికక్కడే మంజూరైంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు లేక ఊరంతా చీకట్లో మగ్గిన సంగతి మా ఆవిడ మర్చిపోలేదు. “రెండు వేల ల్యూమెన్లంటే హాలంతా వెలుగే, తుపానుకి పనికొస్తుంది” అంది.

లైటు నిన్న వచ్చింది. పెట్టెలో చిన్న కాగితముంది. పూర్తి వెలుగులో నీటి బయట వెలిగించరాదు, వేడెక్కుతుంది, చుట్టూ నీళ్లుంటేనే చల్లబడుతుంది. ఆ కాగితం ప్రస్తుతం నా జేబులో ఉంది. పెద్ద బకెట్ ఒకటి కొనాలి.