పుస్తకాల మావయ్య

పుస్తకాల మావయ్య లేని బంధువర్గం తెలుగునాట అరుదు. కొన్ని ఇళ్ళలో ఆయన బాబాయి, కొన్నిట్లో పెదనాన్న, అమెరికా సంబంధాలున్న చోట డాలస్ అత్తయ్య. వరస ఏదైనా లక్షణాలు ఒకటే. బ్యాంకులోనో కరెంటాఫీసులోనో ఉద్యోగం, భుజాన గుడ్డ సంచి, సంచిలో లావుపాటి పుస్తకం, ఆ పుస్తకంలో ఏళ్ళ తరబడి ముప్పయ్యారో పేజీ దాటని బస్సు టికెట్టు. మీసం మొలుస్తున్న కుర్రాడుగానీ, రెండు జడలు మానేసి ఒక జడకి మారిన పిల్లగానీ కంటబడితే చాలు, ఆయన సంచీ సర్దుకుంటూ దగ్గరికి జరుగుతాడు.

"ఏరా, ఏం చదువుతున్నావు?"

"ఎంపీసీ, మావయ్యా."

"అది కాదురా! పుస్తకాలు, పుస్తకాలు!"

"అకాడమీవి అయిపోయాయి. ఇప్పుడు కాలేజీ వాళ్ళిచ్చిన మెటీరియల్ చేస్తున్నాం."

మావయ్య నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పులో భాష, జాతి, భవిష్యత్తు మూడూ ఉంటాయి. తర్వాత గుక్క తిప్పుకోకుండా చెబుతాడు: వేయిపడగలు, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర, అల్పజీవి, మహాప్రస్థానం. ఆ జాబితాలో వంక పెట్టదగ్గ పుస్తకం ఒక్కటీ లేదు. వంకంతా వినేవాడి పరిస్థితిలో ఉంది. వాడు మార్కుల కోసం ఇంటర్లో సంస్కృతం తీసుకున్నాడు. పదో తరగతి పరీక్ష రాసి బయటికొచ్చిన మధ్యాహ్నమే తెలుగుకి నమస్కారం పెట్టేశాడు. వాడి చేతికి వెయ్యి పేజీల విశ్వనాథని అందించడమంటే ఈత రానివాణ్ణి ధవళేశ్వరం దగ్గర గోదాట్లోకి తొయ్యడమే. పి.వి. నరసింహారావు అంతటి వారు ఆ వేయిపడగలని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారని మావయ్య గర్వంగా చెబుతాడు. బస్సు టికెట్టు ఉన్నది కూడా ఆ పుస్తకంలోనే.

నోటితో చెప్పి ఊరుకుంటే గొడవ లేదు. ఆయన కొనిచ్చే రకం. ఏటా జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళి, రెండు చేతులా సంచులతో బయటికొస్తాడు. జేఈఈ మెయిన్ మొదటి విడత కూడా మామూలుగా జనవరిలోనే పడుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా లెక్కచెయ్యడు. ఆ సంచుల్లోంచి సందర్భానికి తగ్గట్టు ఏరి కానుకలిస్తాడు. ఏరేది మంచి పుస్తకమా కాదా అని మాత్రమే. అట్ట మీద పేరేమిటో ఆలోచించడు. అందుకే మేనకోడలి ఓణీల ఫంక్షన్‌లో అందరూ పట్టులంగాలూ వెండి కుంకుమభరిణెలూ ఇస్తుంటే, ఈయన రంగుకాగితం చుట్టిన 'కన్యాశుల్కం' ఇచ్చాడు. అప్పుచేసి ఇల్లు కట్టుకున్న తోడల్లుడికి గృహప్రవేశం నాడు 'చివరకు మిగిలేది' ఇచ్చాడు. ర్యాంకు తగ్గి వారం రోజులుగా మూలన కూర్చున్న కుర్రాడికి 'అసమర్థుని జీవయాత్ర' ఇచ్చినప్పుడు మాత్రం వాళ్ళ నాన్న ఊరుకోలేదు. "మావాణ్ణి ఎత్తిపొడవడానికి ఇంత దూరం వచ్చావా, బావా?" అన్నాడు. గోపీచంద్ 1947లో వేసిన ఆ పుస్తకం తెలుగు నవలలో మనస్సు లోపలికి తొంగిచూసిన తొలి ప్రయత్నాల్లో ఒకటని మావయ్య ఎంత చెప్పినా ఆ ఇంట్లో ఆ పూట కాఫీ పుట్టలేదు.

ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీ నిండా ఆశీస్సులు రాస్తాడు. తేదీ, ఊరు, వరసతో సహా. ఇంకొకరికి కానుకగా దాటించే దారి లేకుండా. పుస్తకం మొత్తం మీద కుర్రాళ్ళు చదివేది సాధారణంగా ఆ పేజీ ఒక్కటే. నెలకోసారి ఫోన్లో "చదివావా?" అని అడిగితే "పరీక్షలయ్యాక, మావయ్యా" అంటారు. ఇంటర్లో పరీక్షలు అయ్యేదెప్పుడు? వారం వారం ఉంటాయి.

మరి ఈ మావయ్య పదిహేనేళ్ళప్పుడు ఏం చదివాడు? అక్కడే ఉంది అసలు తమాషా. అవి 1980లు. బస్టాండు పక్కన అద్దె పుస్తకాల కొట్టు. మధుబాబు షాడో నవలని ఫిజిక్సు పుస్తకం మధ్యలో పెట్టుకుని, వీధరుగు మీద కూర్చుని, వాళ్ళ నాన్న దగ్గు వినబడగానే పేజీ తిప్పేసేవాడు. ఆంధ్రభూమి వారపత్రికలో 'తులసిదళం' వస్తున్న రోజుల్లో పత్రిక కోసం కొట్టు తెరవకముందే వెళ్ళి నిలబడేవాడు. చదివాక రాత్రి పెరట్లోకి తమ్ముణ్ణి తోడు తీసుకుని వెళ్ళేవాడు. అంతకు ముందు చందమామ. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ మీద సీరియల్ రాశారు. తోకచుక్క, కంచుకోట, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం. రాసినాయన పేరు పిల్లలకి తెలిసేది కాదు, వాళ్ళకి అక్కర్లేదు కూడా. ఒక నెల కథ కొండ అంచున ఆగితే వచ్చే నెల దాకా ఊపిరి బిగబట్టుకోవడమే వాళ్ళ పని.

ఒక్క ఊపున రెండొందల పేజీలు తిప్పడం ఆయనకి నేర్పింది షాడో. రావిశాస్త్రి దగ్గరికి ఆయన చేరింది ఆ అలవాటుతోనే, ఉద్యోగంలో చేరాక, ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిన ఊళ్ళో సాయంత్రాలు తోచక. ఈ చరిత్రంతా ఇప్పుడు ఆయన నోట రాదు. "మీ వయసులో మేం శ్రీశ్రీని నమిలేసేవాళ్ళం" అంటాడు. పక్కనే కూర్చుని తమలపాకులు నములుతున్న అమ్మమ్మ "ఎప్పుడురా?" అని అడుగుతుంది. ఆయనకి వినబడదు.

ఈయనకి పోటీగా ఇంకో మావయ్య కూడా ఉన్నాడు, ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. సక్సెస్ మావయ్య. పదో తరగతి పాసైన వాళ్ళందరికీ 'విజయానికి ఐదు మెట్లు' ఇస్తాడు, లేదా కలాం గారి 'ఒక విజేత ఆత్మకథ'. మంచి పుస్తకాలే. ఒకే ఏడాది ఒకే పిల్లకి మూడు ప్రతులు రావడమే ఇబ్బంది. 'రిచ్ డాడ్ పూర్ డాడ్' ఇచ్చే రోజు చేతిలో చీటీపాట రశీదు పుస్తకం కూడా ఉంటుంది కాబట్టి పిల్లల కంటే ముందు పెద్దలు తప్పుకుంటారు.

డాలస్ అత్తయ్య కేసు వేరు. ఆవిడ బుడుగు వీరాభిమాని. సిలికానాంధ్ర మనబడికి వెళ్ళి గుణింతాలు గట్టెక్కిన కొడుకు చేతిలో ముళ్ళపూడి వారి పుస్తకం పెట్టింది. చిన్న పిల్లాడి పుస్తకమే కదా, తేలిగ్గా ఉంటుందనుకుంది. బుడుగు మాటలు అతుక్కుని, విరిగి, పిల్లాడి నోట ఎలా వస్తే అలా ఉంటాయి. అప్పుడప్పుడే అక్షరం కూడబలుక్కునే వాడికి అంతకంటే అగ్నిపరీక్ష లేదు. వాడు నాలుగు వాక్యాలు చదివి, "మమ్మీ, ఇందులో అన్నీ స్పెల్లింగ్ మిస్టేక్సే" అన్నాడు. నిజానికి బుడుగు పదిహేనేళ్ళ వాళ్ళకి సరిగ్గా సరిపోయే పుస్తకం. బాబాయి రెండు జెళ్ళ సీతతో ఎందుకు మాట్లాడుతున్నాడో బుడుక్కి తెలీదు, చదివే పదిహేనేళ్ళ వాడికి బాగా తెలుసు. కాకపోతే ఆ కుర్రాడికి చదివి వినిపించాలి. పక్కన బాపు బొమ్మ చూపించాలి.

ఈ పని తెలిసిన మనిషి కూడా అదే బంధువర్గంలో ఉంది. పిన్ని. ఆవిడ పుస్తకం చదవమని ఎవరికీ చెప్పదు. వంటింట్లో గోరుచిక్కుడుకాయలు తుంచుతూ, డోలు చేసుకోవడానికి చెక్క కోసం అడవికి వెళ్ళిన పదిహేడేళ్ళ కుర్రాడి గురించి మొదలుపెడుతుంది. వెనక కొమ్మ విరిగిన చప్పుడు దాకా చెప్పి, "ఉండు, పాలు పొంగుతున్నాయి" అని లేస్తుంది. మళ్ళీ ఆ ఊసెత్తదు. ఆ కుర్రాడి కథ ఉన్న, సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' మాత్రం ఫోన్లు చార్జింగు పెట్టే ప్లగ్గు పక్కన ఉంటుంది. చార్జింగు ఐదు శాతానికి దిగాక మనిషి ఆ చోటు వదిలి కదలలేడని ఆవిడకి తెలుసు. అక్కడ వారానికొకటి మారుతుంది: సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కథలు', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', నామిని 'సినబ్బ కథలు'. అమెరికా వీసా వచ్చిన మేనల్లుడికి సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కన 'బారిస్టర్ పార్వతీశం' సర్దింది. మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరి, దారిలో మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్న పార్వతీశం కష్టాలు దోహా విమానాశ్రయంలో కూర్చున్న వాడికి అర్థమైనట్టు ఇంకెవరికీ కావు.

పిన్ని ప్లగ్గు దగ్గర 'రైలుబడి' చూసి మావయ్య తెగ సంతోషించాడు. తెత్సుకో కురొయనాగి చిన్ననాటి కథ అది. ఒకటో తరగతిలోనే బడి నుంచి వెళ్ళగొట్టిన పిల్లని టోక్యోలో రైలు పెట్టెల్లో నడిచే బడికి తీసుకెళితే, అక్కడి హెడ్మాస్టరు కోబయాషి ఆ పిల్ల చెప్పేదంతా నాలుగు గంటలు కూర్చుని వింటాడు. మావయ్య ఆ ఘట్టాన్ని కుర్రాళ్ళందరినీ కూర్చోబెట్టి వివరించాడు. ఆయనకీ దాదాపు నాలుగు గంటలు పట్టింది. ఎవర్నీ మాట్లాడనివ్వలేదు.

చివర్లో తొమ్మిదో తరగతి మేనల్లుడు లోపలికెళ్ళి ఒక పుస్తకం తెచ్చాడు. 'వన్ పీస్', జపాను బొమ్మల కథ. 1997 నుంచి వస్తోంది, సంపుటాలు నూరు దాటాయి. "ఇది నువ్వు చదువు మావయ్యా, చాలా బావుంటుంది" అన్నాడు. మావయ్య కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ తెరిచాడు. "అటు కాదు, వెనకనుంచి. కుడి నుంచి ఎడమకి చదవాలి" అని వాడు సర్ది చేతిలో పెట్టాడు. మావయ్య తల తిప్పి, పుస్తకం తిప్పి, చివరికి సంచిలో వేసుకున్నాడు.

వాడు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తున్నాడు. "చదివావా, మావయ్యా? లఫ్ఫీ సముద్రంలోకి బయల్దేరాడా?"

"ఆడిట్ జరుగుతోందిరా. అయ్యాక చదువుతాను."