దిక్కుల చిన్నాయన

జ్యోతినగర్‌లో మా చిన్నాయన కంట పడ్డ మొక్క ఏదీ తన ఇష్టానికి పెరగదు. ఎన్టీపీసీలో బొగ్గు బెల్టుల మీద డ్యూటీ చేసి రిటైరైన మనిషి. గని నుంచి రైలుకు, రైలు నుంచి బెల్టుకు, బెల్టు నుంచి బాయిలరుకు: బొగ్గు ఏనాడూ ఎదురు చెప్పకుండా ఒక్క దిక్కే పోయింది. ఇప్పుడా పెత్తనం పెరట్లోని చిక్కుడు పాదు మీద పడ్డది.

గింజ నాటితే ముక్కు కిందికే ఉండాలట. లేకుంటే వేరు ఆకాశానికి, మొలక పాతాళానికి పోతాయట. వేరు కొసన కణాల్లో పిండి రేణువులుంటాయని, అవి బరువుకు ఏ పక్కకు జారితే అదే కింద అని వేరు పోల్చుకుంటుందని చెప్పాను. 1806లో నైట్ అనే ఇంగ్లండు ఆయన నీటిచక్రానికి గింజలు కట్టి తిప్పితే వేర్లు బయటికి, మొలకలు చక్రం నడుమకు పోయాయని కూడా చెప్పాను. చిన్నాయన మాట్లాడకుండా సీలింగు ఫ్యాను దిక్కు చూశాడు. చిన్నమ్మ లేచి స్విచ్చుబోర్డుకు అడ్డం నిలబడ్డది.

అసలు యుద్ధం తీగతో. చిక్కుడు తీగ కొస గాలిలో తిరుగుతూ ఆసరా వెతుక్కుంటుంది. దొరికిన కర్రను, పైనుంచి చూస్తే, అప్రదక్షిణంగా చుట్టుకుంటుంది. భూమధ్యరేఖకు అటైనా ఇటైనా మెలికలు తిరిగే తీగల్లో ఎక్కువ వాటిది ఇదే వరస.

“గుడి చుట్టు గిట్లనే తిరుగుతరా?” అని చిన్నాయన రోజూ పొద్దున తీగను విప్పి, ప్రదక్షిణంగా చుట్టి, దారంతో కడతాడు. కట్టు దాటిన కొస మళ్లీ తన దారే పడుతుంది. డార్విన్ కూడా ఇలాంటి తీగల పక్కన కూర్చొని ఒక్కో చుట్టుకు ఎంతసేపు పడుతుందో లెక్క రాసుకున్నాడు. తేడా ఒక్కటే: ఆయన చూసి ఊరుకున్నాడు.

కుండీల దగ్గర మాత్రం చిన్నాయనదే గెలుపు. కిటికీలోని మొక్కకు నీడ వైపు ఆక్సిన్ అనే హార్మోను చేరి, ఆ పక్క కణాలు ఎక్కువ సాగి, కాండం వెలుగు వైపు వంగుతుంది. ఈ శాస్త్రమేదీ తెలియకుండానే రోజూ కుండీని కొంచెం తిప్పి నిటారుగా నిలబెడతాడు. ఎండాకాలం సెలవులకు ఊరెళ్లే వాళ్లంతా తాళంచెవులు ఆయనకే ఇచ్చి పోతారు. మే నెల రామగుండం ఎండలో బకెట్లు మోస్తూ, పరాయి మొక్కలకు నీళ్లు పోస్తూ, దారి తప్పిన కొమ్మలను పేరుపేరునా తిడుతూ తిరుగుతాడు.

నన్నూ అట్లాగే తిప్పాడు, ఎంసెట్ వైపు. కట్టు దాటంగనే తెలుగు వైపు మళ్లాను. “మంచి తీగె, వంకర పోయింది” అని ఇప్పటికీ చుట్టాలకు చూపిస్తాడు. చూపించినప్పుడల్లా నేను రాసిన పుస్తకం ఒకటి వాళ్ల చేతిలో పెడతాడు.

మొన్న ఆయన్ను ఓడిద్దామని బొగ్గు సంగతి ఎత్తాను. గోదావరి లోయ బొగ్గంతా 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవులని, గ్లోసోప్టెరిస్ లాంటి చెట్లు ఎవరూ దారం కట్టకుండానే పెరిగి, బురదలో కూరుకుపోయి బొగ్గయ్యాయని, ఆ బురద కలిసినందుకే మన బొగ్గులో బూడిద ఎక్కువని చెప్పాను.

చిన్నాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “చూసినవా మరి? దగ్గరుండి చూసుకునేటోడు లేకనే కద గంత బూడిద!”