తడి అంటకుండా మారిషస్ చుట్టిరావడం ఎలా?

ముందే ఒక మాట. మారిషస్ వెళ్లి మారిషస్ చూడకుండా తిరిగిరావడం అనుకున్నంత తేలిక కాదు. ఆ దీవి పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. విజయవాడలో బయల్దేరితే ఏలూరు దాటేసరికి అయిపోతుంది. ఎటు తిరిగినా ఏదో ఒకటి ఎదురొస్తుంది: కొండో, చెరకు తోటో, గుడో, మనల్ని చూసి 'నమస్కారం' అనే మనిషో. అయినా పట్టు వదలని మనవాళ్లు ఎందరో ఐదు రాత్రులు ఆరు పగళ్లు అక్కడ గడిపి, తామరాకు మీద నీటిబొట్టులా ఇల్లు చేరుతున్నారు. వారి అనుభవసారాన్ని కొత్తగా వెళ్లేవారి సౌకర్యార్థం ఇక్కడ పొందుపరుస్తున్నాను.

వేసవి సెలవుల్లో వెళ్లండి. మనకు రోళ్లు పగిలే ఎండలు కాసేటప్పుడు, భూమధ్యరేఖకు అవతల ఉన్న ఆ దీవిలో చలికాలం తలుపు తడుతుంటుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పకండి. పూల చొక్కాలు, పల్చటి చీరలు, నల్లకళ్లద్దాలు సర్దించండి. స్వెట్టరు అన్నవారిని 'బీచ్‌కి వెళ్తూ స్వెట్టరేమిటి' అని కేకలేయండి. దీవి నడుమ, సముద్రమట్టానికి 550 మీటర్ల ఎత్తున క్యూర్‌పిప్ అనే ఊరుంది. ముసురుకు పేరుపడ్డ ఊరు. 1860ల్లో రేవుపట్నం పోర్ట్ లూయీలో మలేరియా విజృంభించినప్పుడు కలిగినవాళ్లు కొండెక్కి అక్కడ ఇళ్లు కట్టుకున్నారు. ఊరి పక్కనే చల్లారిపోయిన అగ్నిపర్వతపు నోరు, లోపల చెట్లు, అడుగున కాసిని నీళ్లు. దాని అంచు చుట్టూ నడవొచ్చు, నడవకండి. పూల చొక్కాలో గజగజ వణుకుతూ బస్సు అద్దంలోంచి ఒకసారి చూసి, 'ఏముంది, మన అరకులాగే ఉంది' అనండి. ఈ వాక్యాన్ని ఇంటిదగ్గరే బాగా సాధన చేయండి. అరకు బదులు భీమిలి, కోనసీమ, నాగార్జునసాగర్ ఏదైనా పెట్టుకోవచ్చు. దీన్ని మించిన గొడుగు లేదు, ఏ దృశ్యమూ దీని కిందికి రాలేదు.

ఊళ్ల పేర్లు రాసింది రాసినట్టు చదవండి. ఫ్రెంచివాడు సగం అక్షరాలు మింగేస్తాడు, మనకెందుకు మింగడం? ఎవరైనా సరిచేస్తే, ఈ దేశాన్ని ఏలింది ఇంగ్లీషువాళ్లు కదా అని నిలదీయండి. ఆ ప్రశ్నకు జవాబు మాహెబూర్‌లో ఉంది. విమానాశ్రయం పక్క ఊరే అది, కానీ ప్యాకేజీల్లో ఉండదు కాబట్టి నిశ్చింతగా ఉండండి. 1810 ఆగస్టులో ఆ ఊరి ముందరి సముద్రంలో ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషు నౌకాదళాన్ని ఓడించారు. ప్యారిస్‌లోని విజయతోరణం మీద ఆ యుద్ధం పేరు చెక్కుకున్నారు కూడా. తీరా ఆ ఏడాది డిసెంబరు మొదటి వారానికల్లా ఇంగ్లీషువాళ్లు ఉత్తరాన దిగి దీవిని పట్టేసుకున్నారు. పట్టుకున్నా, అక్కడివాళ్ల భాషనీ చట్టాన్నీ మతాన్నీ కదపబోమని ఒప్పుకున్నారు. అందుకే ఇవాళ్టికీ పార్లమెంటు ఇంగ్లీషులో నడుస్తుంది, పత్రికలు ఫ్రెంచిలో వస్తాయి, సరసాలూ తగాదాలూ క్రియోల్‌లో జరుగుతాయి, దేవుడితో మాత్రం ఎవరి భాషలో వారు మాట్లాడుకుంటారు. ఇంత తెలుసుకుంటే బుర్ర బరువెక్కుతుంది. లగేజీ పరిమితి గుర్తుంచుకోండి.

ఇక మూడు రోజుల మూడు టూర్లు. దక్షిణం, ఉత్తరం, ఒక చిన్న దీవి. మన ప్యాకేజీలన్నీ ఈ త్రిమూర్తుల చుట్టూనే తిరుగుతాయి.

దక్షిణం టూరులో షమరెల్ ఏడు రంగుల నేల తప్పదు. లావా గడ్డకట్టిన నల్లరాయి యుగాల తరబడి వానకు నాని, మెత్తబడి, మట్టి అయింది. అందులోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు ఎర్రగా, గోధుమగా, ఊదాగా తేలాయి. చుట్టూ కంచె వేశారు, తొక్కనివ్వరు. అక్కడ మీరు చేయాల్సింది లెక్కపెట్టడం. బావగారికి ఐదే కనబడతాయి, పిల్లాడు తొమ్మిదంటాడు, అత్తగారు మాత్రం ఇటుకల బట్టీ దగ్గర ఇంతకన్నా మంచి రంగులుంటాయంటారు. పూర్తి డబ్బు కట్టాం కాబట్టి ఏడూ చూపించి తీరాలని గైడుతో వాదించండి. ఈ వాదంలో పొద్దెక్కి ఎండ నడినెత్తికొచ్చి రంగులన్నీ వెలవెలబోతాయి. పని పూర్తయినట్టే.

అక్కడికి దగ్గరే లె మోర్న్. సముద్రంలోకి పొడుచుకొచ్చిన 556 మీటర్ల రాతికొండ. కొండకు వీపు పెట్టండి. మీకు కావాల్సింది ఎదుట సముద్రంలోని 'నీటి అడుగు జలపాతం'. నిజానికి అక్కడ జలపాతమేమీ లేదు. లోతు తక్కువైన అంచు మీది ఇసుకా ఒండ్రూ లోతుల్లోకి జారుతుంటే పైనుంచి చూసే కంటికి సముద్రం సముద్రంలోకే దూకుతున్నట్టుంటుంది. హెలికాప్టర్ ఎక్కితేనే కనబడే భ్రమ. భ్రమకు డబ్బు కట్టడం మనకేం కొత్త కాదు కనుక ఎక్కేయండి. వెనక ఉన్న కొండ సంగతంటారా, యజమానుల నుంచి పారిపోయిన బానిసలు దాని మీద దాక్కునేవారు. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి సిపాయిలు కొండెక్కి వస్తుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని వాళ్లు పైనుంచి దూకేశారని తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. గైడు ఈ కథ మొదలెట్టగానే అతనికి ఫోన్ ఇచ్చి గ్రూప్ ఫొటో తీయమనండి. తీస్తాడు, పాపం. కొండ ఫ్రేములోకి రాకుండా చూసుకోండి.

గంగా తలావ్‌కి మాత్రం కాస్త ముందుజాగ్రత్త కావాలి. అది అగ్నిపర్వతపు గుంటలో నిండిన చెరువు. 1972లో మన గంగ నీళ్లు తెచ్చి అందులో కలిపారు. ఒడ్డున 108 అడుగుల శివుడు. శివరాత్రికి దీవి నలుమూలల నుంచి జనం కావళ్లు భుజాన వేసుకుని రోజుల తరబడి నడిచి వస్తారు. దారిపొడవునా ఎవరి మతం వారిదైనా నీళ్లూ పళ్లూ అందించేవాళ్లుంటారు. అలాంటి రోజున పొరపాటున కూడా వెళ్లకండి, పార్కింగ్ దొరకదు. మామూలు రోజున వెళ్లి, విగ్రహం మొత్తం ఫొటోలో పట్టేదాకా వెనక్కి వెనక్కి నడుస్తూ చెరువు చూడకుండానే బస్సు దగ్గరికి చేరుకోండి.

ఇంకా దక్షిణానికి సూయాక్ ఊరి దగ్గర గ్రీ గ్రీ అని ఒక ఒడ్డుంది. దీవి చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ గోడకట్టి ఉంటుంది. అలలు అక్కడే విరిగిపోతాయి కాబట్టే లోపలి నీళ్లు చెరువులా నీలంగా నిలబడి ఉంటాయి, మన పిల్లలు మోకాలిలోతు నీళ్లలో గంతులేయగలుగుతారు. గ్రీ గ్రీ దగ్గర ఆ గోడ తెగింది. మహాసముద్రం తిన్నగా వచ్చి నల్లరాతి గట్టును బాదుతుంది. కాస్త అవతల నీళ్లు కారుతుండే ఒక రాయిని 'ఏడ్చే రాయి' అంటారు. ఈత లేదు, షాపింగ్ లేదు, అలల మోతలో మాట కూడా వినబడదు. ఇంత నష్టదాయకమైన స్థలం మరొకటి లేదు. నేను అక్కడ రెండు గంటలు వృథా చేసి లంచ్ కూపన్ పోగొట్టుకున్నాను. మీరైనా బాగుపడండి.

ఉత్తరం టూరులో పాంప్లెమూస్ తోట ఉంది. పళ్లెం అంచులాంటి అంచుతో, పసిపిల్లను కూర్చోబెట్టొచ్చనిపించేంత కలువాకులు. తాలిపాట్ తాటి అనే చెట్టు కొన్ని దశాబ్దాలు బతికి, ఒక్కసారి ఆకాశమంత పూత పూసి, చచ్చిపోతుంది. 'మన కడియం నర్సరీలో దొరుకుతుంది' అని ముందుకు సాగండి.

చిన్న దీవి పేరు ఇల్ ఓ సెర్ఫ్, అంటే జింకల దీవి. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో జావా నుంచి తెచ్చి వదిలిన జింకల పేరు మిగిలింది, అక్కడ ఇప్పుడు పరుగులు తీసేవి స్పీడ్‌బోట్లు. ఆ డచ్చివాళ్ల రోజుల్లోనే డోడో పక్షి కూడా పోయింది. వాళ్లు 1598లో దిగారు, ఆ తర్వాత వందేళ్లయినా నిండకుండానే దాని వంశం నిండుకుంది. డోడో కీచైన్లు అరడజను కొనండి. వెనక ఏ దేశంలో తయారైందో చదవకండి. ఇంకా బతికున్న పిట్టల జోలికి వెళ్లకండి. మారిషస్ డేగ 1974లో అడవిలో నాలుగంటే నాలుగే మిగిలింది. గూళ్లలోంచి గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని పెంచి వదిలి, దాన్ని వందల్లోకి తెచ్చారు. అది బ్లాక్ రివర్ లోయల అడవిలో ఎగురుతుంటుంది. అక్కడ నడిస్తే కనబడవచ్చు, కనబడకపోవచ్చు. గ్యారంటీ లేని దానికి మన ప్యాకేజీలో చోటు లేదు.

భోజనం విషయంలో గీత దాటకండి. రోడ్డు పక్కన ధోల్ పురీ అని అమ్ముతారు. శనగపప్పులాంటి పప్పు ఉడికించి పొడిచేసి పిండిలో పెట్టి వత్తిన మెత్తని రొట్టె, బెల్లం మరిచిపోయిన బొబ్బట్టు అనుకోండి. ఎప్పుడూ జంటగానే ఇస్తారు, మధ్యలో చిక్కుడుగింజల కూర, టమాటా ముద్ద, పచ్చిమిరప నూరిన కారం. 'గాటో పీమాన్' పేరు విని కేకనుకునేరు, అది అచ్చంగా మన పప్పువడ. ముత్తాతల మూటల్లో సముద్రం దాటి, ఫ్రెంచి పేరు పెట్టుకుని కూర్చుంది. వీటిని నోట పెడితే దీవి కడుపులోకి దిగినట్టే, ఇక కడిగినా పోదు. అందుకని మూడు పూటలా హోటల్లో పనీర్ బటర్ మసాలా అడగండి, దాని మీద ఇంటినుంచి తెచ్చిన కందిపొడి చల్లుకోండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు పోర్ట్ లూయీ రేవు. షాపింగ్‌కి కోడాన్ వెళ్లండి, దానికి కొద్ది దూరంలో ఉన్న ఆప్రవాసీ ఘాట్ వైపు నడవకండి. చూడ్డానికి ఏమీ లేదు కూడా. కొన్ని రాతిగోడలు, వసారాలు, పదహారు మెట్లు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో మన దేశం నుంచి 36 మంది కూలీలు ఈ రేవుకు వచ్చారు. ఆ తర్వాత 1920ల దాకా దాదాపు ఐదు లక్షల మంది. ఒప్పందం సాధారణంగా ఐదేళ్లు, పని చెరకు తోటల్లో. పొలాల మధ్య ఇప్పటికీ నల్లరాళ్ల గుట్టలు కనబడతాయి, నేల సాగుకు రావాలని ఏరి పోసినవి. మనం వాటిని 'పిరమిడ్లలా భలే ఉన్నాయి' అంటూ దాటిపోతాం, అదే సరైన పద్ధతి. వచ్చినవాళ్లలో గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్లు ఉన్నారు. కాకినాడ పక్కన కోరంగి రేవులో ఓడలెక్కినవాళ్లుండబట్టి తెలుగువాళ్లకు అక్కడ కోరంగీలన్న పేరే వచ్చింది. వాళ్ల మనవలకు మునిమనవలకు ఉగాది దేశం మొత్తం సెలవు. సింహాద్రి అప్పన్నకు పండగ చేస్తారు, రామభజన చేస్తారు, పిల్లలు బళ్లో తెలుగు నేర్చుకుంటారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా అక్కడ జరిపారు. ఇంట్లో మాత్రం క్రియోల్. పేరు చివరి 'డు' సాగి 'డూ' అయింది, 'అయ్య' కుంచించుకుని 'యా' అయింది. బోర్డుల మీద ఆ పేర్లు కనబడితే ఫ్రెంచి పేర్లే అనుకోండి.

ఇంత జాగ్రత్తగా ఉన్నవాళ్లు కూడా చివరిరోజు, విమానాశ్రయానికి దింపే డ్రైవరు దగ్గర దొరికిపోతుంటారు. మీరు వెనక సీట్లో తెలుగులో మాట్లాడుకుంటుంటే అతను అద్దంలోంచి ఒకటికి రెండుసార్లు చూస్తాడు. కళ్లు మూసుకుని నిద్ర నటించండి. అయినా అడుగుతాడు, ఇంగ్లీషులో, కాస్త సిగ్గుపడుతూ. మోకా అనే ఊళ్లో మహాత్మాగాంధీ సంస్థ ఉంది, అప్పటి కూలీల రిజిస్టర్లన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు. కొందరికి ఫొటోలు కూడా. అతను అక్కడ తన ముత్తాత కాగితం తీయించుకుని ఫోన్‌లో పెట్టుకున్నాడు. ఎర్ర సిగ్నల్ దగ్గర ఫోన్ వెనక్కి చాపుతాడు. జిల్లా విశాఖపట్నమని తెలుస్తూనే ఉంటుంది. ఊరి పేరును మాత్రం ఆనాటి గుమాస్తా తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో గిలికాడు. బొబ్బిలి దగ్గరిదో, పాలకొండ దగ్గరిదో, రెండు మూడు ఊళ్లకు సరిపోయేలా ఉంటుంది. ఈ ఊరు మీకు తెలుసా అంటాడు.

ఆరు రోజులుగా కనబడిన ప్రతిదాన్నీ 'మన ఫలానాలాగే ఉంది' అంటూ వచ్చారు కదా, అలవాటుకొద్దీ ఇక్కడ నోరు జారకండి. జారారో, అతను చెరకు తోట పక్కన కారు ఆపేస్తాడు. ఇంజను కట్టేసి, మొత్తంగా మీ వైపు తిరిగి కూర్చుని, 'ఎలా ఉంటుంది?' అని అడుగుతాడు. మీ విమానం వెళ్లిపోతుంది.