మూడు తరాల పూచీ

2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో వేములవాడకు దగ్గర్లోని ఒక ఊళ్లో సర్పంచి పోటీ మతం మీదికి మళ్లింది. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులు ఉండవు. ఉంగరం, కత్తెర, ఫుట్‌బాల్ లాంటి గుర్తుల మీదే పోటీ. పార్టీ జెండా లేనిచోట జనం మనిషిని చూసి ఓటేస్తారని అనుకుంటాం. ఆ ఊళ్లో మాత్రం మనిషిని పక్కన పెట్టి, అతని తల్లిని చూశారు.

కత్తెర గుర్తు మీద నిలబడ్డ యువకుడు దుబాయిలో కూలి చేసి తిరిగొచ్చినవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు అరుదు. అక్కడ ఎవరైనా చనిపోతే శవం ఇంటికి చేరేదాకా ఇక్కడి ఆడవాళ్లు పడే యాతన చూసినవాళ్లకే తెలుస్తుంది. ఎంబసీ కాగితం, కంపెనీ కాగితం, డెత్ సర్టిఫికెట్, విమానం టికెట్. ఆ కాగితాల వెంట తిరిగేది ఇతనే. గల్ఫ్ మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన అయిదు లక్షల సాయం కోసం విధవరాళ్లను వెంటబెట్టుకుని కలెక్టరేట్‌కు పోయిందీ ఇతనే. తండ్రి ఏటా వేములవాడ రాజన్నకు కోడె కట్టే మనిషి. తల్లి ఒక పెద్ద జబ్బు నుంచి తేరుకున్నాక ఆదివారాలు చర్చికి పోవడం మొదలుపెట్టింది. ఊళ్లో రచ్చంతా ఆ ఆదివారాల గురించే.

నాకు వరసకు మామ అయ్యే ఒక పెద్దాయన చాయ్ హోటల్ ముందు బెంచీ మీద కూర్చుని పదిమందికీ వినబడేలా చెబుతున్నాడు. "తల్లి దేవుడు ఒకటి, తండ్రి దేవుడు ఒకటి. కొడుకు ఎటు మొక్కుతడో ఎవలకెరుక? ఓటేసుడంటే పిల్లనిచ్చినట్టే. ఇంటిపేరు సూడాలె, ఇలవేలుపును సూడాలె, మూడు తరాలు సూడాలె."

ఆ మాటలు ఆయనకు ఎక్కడినుంచో ఊడిపడలేదు. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి, ప్రధాని మోదీ పుట్టుకతో బీసీ కాదన్నారు. దానికి జవాబుగా కేంద్రమంత్రి, కరీంనగర్ ఎంపీ బండి సంజయ్ రాహుల్‌గాంధీ తాత ఫిరోజ్ పేరు తీశారు, తల్లి పుట్టింటి మతం తీశారు. అంత పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లే పక్కవాడి పుట్టుక తవ్వుతుంటే, హోటల్ బెంచీ మీది ముసలాయనను తప్పుపట్టి ఏం లాభం?

ఫిరోజ్‌గాంధీ పార్సీ. కానీ ఓటరు తెలుసుకోవాల్సిన ఫిరోజ్‌గాంధీ వేరు. రాయబరేలీ ఎంపీగా ఉండి, ఎల్‌ఐసీ డబ్బు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లోకి ఎలా పోయిందని 1957 డిసెంబరులో లోక్‌సభలో నిలదీసినవాడు. అధికారంలో ఉన్నది సొంత పార్టీ, ప్రధాని సొంత మామ. అయినా వెనక్కి తగ్గలేదు. 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది. ప్రజాప్రతినిధిని తూచాల్సిన తూకం అది. ఆయన భార్యను 1980లో మన పక్కనున్న మెదక్ ఓటర్లే లోక్‌సభకు పంపారు. చనిపోయేనాటికి ఇందిరాగాంధీ మెదక్ ఎంపీ.

మామకు నేను చట్టం చెప్పబోయాను. నామినేషన్‌తో పెట్టే అఫిడవిట్‌లో కేసులు అడుగుతారు, ఆస్తులూ అప్పులూ అడుగుతారు, చదువు అడుగుతారు. మతం అడిగే గడి అందులో లేదు. ఎస్సీ రిజర్వుడు సీటైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మతం లెక్కకొస్తుంది. అదైనా అభ్యర్థి మతమే, అమ్మ ఏ గుడికి పోతుందని కాదు. ఎస్టీ సీటుకు ఆ షరతు కూడా లేదు. ఇక ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో మతం పేరు చెప్పి ఓటు అడిగితే, ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ కింద ఎన్నికే రద్దు కావచ్చు. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల బెంచి తేల్చింది. నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు.

"చట్టం పట్నంల ఉంటది అల్లుడా. ఊర్ల మూడు తరాలే చట్టం."

"రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది గద మామా. కోడె కట్టినోళ్లు అక్కడ సుత మొక్కి వస్తరు."

"అది దేవుడిచ్చిన జాగ. దేవునికి చెల్లుతది, మనకు చెల్లది."

ఆయన చెడ్డమనిషి కాదు. ఊరి చెరువు కట్ట తెగితే అర్ధరాత్రి పార పట్టుకుని పోయే రకం. తెలియని మనిషి చేతికి ఊరిని అప్పగించాలంటే ఆయనకు భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. 'గెలిస్తే మావాళ్లకే పని చేస్తాను' అని అభ్యర్థి నోటితో అంటే నేనూ భయపడతాను, నిలదీస్తాను కూడా. కానీ ఈ పిల్లగాడు అలా అన్నదెక్కడ? అతను తెప్పించిన శవపేటికలు ఏ మతం ఇంటికి చేరాయో మామకు నాకంటే బాగా తెలుసు.

"ఇన్నేండ్లల్ల మేమెన్నడు మోసపోలే. మూడు తరాలు ఎరికున్నోళ్లకే ఏసినం" అన్నాడు మామ, గొంతు పెంచి. ఆ పెంచడం ఎదురింటి కోసం.

ఎదురింటి అరుగు మీద ఆ పిల్లగాడి తల్లి బీడీలు చేస్తోంది. ఒళ్లో చాట, చాటలో తడిపి కత్తిరించిన తునికాకు. ఆకులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, మొన మడిచి, దారం వేసి కడుతోంది. మాటలన్నీ వింటూనే ఉంది, చేతులు మాత్రం ఆగలేదు. ఆదివారాల గురించి అన్నప్పుడు పలకలేదు. కొడుకును అన్నప్పుడూ పలకలేదు. ఈ మాటకు మాత్రం తలెత్తింది.

"అన్నా, మనం మూడు తరాలు ఎరికున్న ఇంటికే ఏసినం. తండ్రి ఎరికె, చిన్నాయిన ఎరికె, ఇలవేలుపు ఎరికె. తొమ్మిదిల ఏసినం, పదిల ఏసినం, పద్నాలుగుల ఏసినం, పద్దెనిమిదిల ఏసినం. కాయిదాలు సక్కగ లేవని కోర్టుల కేసు నడుస్తుంటే సుత, ఇల్లు ఎరికున్నది గదా అని ఏసినం. నువ్వు ఏసినవ్, నేను సుత ఏసిన. ఆయన ఏ దేశపాయన అన్నది మాత్రం ఇద్దరం అడగకపోతిమి."

మామ చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు.

ఆమె చెప్పిన తండ్రి, సిరిసిల్ల నుంచి గెలిచిన కమ్యూనిస్టు నాయకుడు చెన్నమనేని రాజేశ్వర్‌రావు. ఆమె చెప్పిన చిన్నాయన, బీజేపీ తరఫున కరీంనగర్ ఎంపీగా గెలిచి, తర్వాత మహారాష్ట్ర గవర్నర్ అయిన విద్యాసాగర్‌రావు. వేములవాడ నుంచి నాలుగుసార్లు గెలిచిన చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పి, ఖర్చుల కింద 30 లక్షల రూపాయలు కట్టమంది. శాసనసభకు పోటీ చేసే మనిషి భారత పౌరుడై ఉండాలన్నది రాజ్యాంగం 173వ అధికరణంలో మొట్టమొదటి షరతు.