ఆడకుండా ఉండటానికి అరవై డాలర్లు

వ్యాపారంలో తెలివిమీరినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, 2014లో బ్లిజార్డ్ కంపెనీ చేసిన పనికి మాత్రం రెండు వీరతాళ్లు వేయాల్సిందే. అప్పట్లో వాళ్ల 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆడాలంటే ముందు ఆట కొనాలి. కొన్నాక నెలకు 15 డాలర్ల చందా కట్టాలి. ఇంతా కట్టి లోపలికెళ్తే ఒకటో లెవెల్ నుంచి తొంభయ్యో లెవెల్ దాకా మన క్యారెక్టర్‌ను మనమే పెంచుకుంటూ పోవాలి. ఆటంటే అదే మరి. ఆ ఏడాది కంపెనీ కొట్లో కొత్త సరుకొకటి దిగింది. ఇంకో 60 డాలర్లు ఇస్తే ఒక్క నొక్కుతో తొంభయ్యో లెవెల్‌లో దింపేస్తారట! నెలంతా ఆడటానికి 15, అసలు ఆడకుండా ఉండటానికి 60. ఈ లెక్క చూసి జనం నవ్వుతారనుకుంటాం కదా. నవ్వలేదు, కొన్నారు.

మన కుర్రాళ్లు ఫోన్లో ఎక్కువగా ఆడేవి అరగంటలో తేలిపోయే తుపాకీ ఆటలు. వార్‌క్రాఫ్ట్ లాంటివి ఆ జాతి కావు. ఇక్కడ ఒక లోకం ఉంటుంది. మీరు పడుకున్నా, ఆఫీసుకెళ్లినా అది నడుస్తూనే ఉంటుంది. వేలమంది ఒకేసారి అందులో తిరుగుతుంటారు. ఒకడు కత్తి పట్టిన వీరుడు, ఒకామె గాయాలు మాన్పే హీలర్, ఇంకొకడు లోకం తగలబడుతున్నా చెరువు గట్టున చేపలు పట్టుకునే మాంత్రికుడు. 1997లో 'అల్టిమా ఆన్‌లైన్', 1999లో 'ఎవర్‌క్వెస్ట్' ఈ దారి వేశాయి. 2004 నవంబరులో వచ్చిన వార్‌క్రాఫ్ట్ అందరినీ ఆ దారి పట్టించింది. 2010 నాటికి దాని చందాదారులు కోటీ ఇరవై లక్షలు. ఇంతమంది నెలనెలా డబ్బు కట్టి మరీ అక్కడ ఎందుకు పడి ఉంటున్నారు? ఈ ప్రశ్నకు కంపెనీలు నేర్చుకున్న జవాబు వినసొంపుగా ఉంటుంది: ఆటగాళ్లు తమ సమయానికి విలువిస్తారు, మేం ఆ సమయాన్ని గౌరవిస్తాం.

ఆ గౌరవం ఏపాటిదంటే, తిరుమలలో మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాడితో "అయ్యా, మీ సమయం విలువైనది. మీరిలా కూర్చోండి, మీ బదులు పక్కాయనకు గుండు గీయిస్తాం" అన్నట్టు. డబ్బు పోతుంది, జుట్టు మిగులుతుంది, మొక్కు అలాగే ఉంటుంది. పైగా, సమయం మీద అంత గౌరవం ఉన్నవాళ్లయితే ఇరవై ఎలుగుబంట్లను చంపి తోళ్లు తెమ్మని పురమాయించింది ఎవరండీ? తోలు ప్రతి ఎలుగుబంటికీ ఉండదని, నాలుగింటిలో ఒకదానికే ఉంటుందని లెక్క రాసింది ఎవరు? విసుగు వండేదీ వాళ్లే, విసుగుకు మందు అమ్మేదీ వాళ్లే.

ఆడేవాళ్లు నిజంగా దేనికి విలువిస్తారో తెలియాలంటే వార్‌క్రాఫ్ట్ తొలినాళ్ల 'మోల్టెన్ కోర్'కి వెళ్లి రావాలి. కొండ కడుపులో నిప్పుల గుహ. లోపల పదిమంది రాక్షస నాయకులు. వాళ్ల మీదికి దండెత్తడానికి నలభై మంది కావాలి. ముప్పై తొమ్మిది మంది ఎనిమిదింటికల్లా గుహ ముందు నిలబడి ఉంటారు. నలభయ్యోవాడు భోంచేస్తుంటాడు. వాడే పెద్ద హీలర్. వాడు చేయి కడుక్కుని వచ్చాక అందరూ లోపలికెళ్తారు. అక్కడ బ్యారన్ గెడన్ అనే నిప్పు రాక్షసుడు ఉంటాడు. వాడు మనలో ఒకణ్ని ఎంచుకుని మనిషి బాంబుగా మార్చేస్తాడు. బాంబు అయినవాడు కొద్ది సెకన్లలో గుంపును వదిలి దూరంగా పరుగెత్తి, ఒంటరిగా పేలాలి. ముప్పై తొమ్మిది మంది హెడ్‌ఫోన్లలో "నువ్వే, నువ్వే, పరుగెత్తు" అని గొంతు చించుకుంటుంటారు. సరిగ్గా ఆ శుభముహూర్తానికి ఆ మహానుభావుడు కాలింగ్ బెల్ మోగిందని తలుపు తీయడానికి వెళ్లి ఉంటాడు. నట్టనడి గుంపులో పేలుతాడు. నలభై మందీ దయ్యాలై శ్మశానం నుంచి గుహ దాకా నడిచి రావాలి. మళ్లీ మొదటినుంచీ. ఇలా చచ్చీ చెడీ ఆ రాక్షసుణ్ని చంపితే రాలేవి రెండు మూడు వస్తువులు. నలభై మందికి!

వాటి పంపకంలో కొట్టుకోకుండా ఉండటానికి ఎవర్‌క్వెస్ట్ రోజుల్లోనే ఆటగాళ్లు డీకేపీ అనే పద్దు కనిపెట్టారు. డ్రాగన్‌ను చంపిన పాయింట్లన్నమాట. హాజరుకు ఇన్ని, ఆలస్యానికి ఇంత కోత, వస్తువు పుచ్చుకుంటే ఇన్ని ఖర్చు. పగలు ఆఫీసులో వేలిముద్ర యంత్రాన్ని తిట్టుకునే ఇంజనీరు, రాత్రి తన హాజరు తాలూకు రెండు పాయింట్లు ఎక్సెల్ షీటులో ఎక్కలేదని గిల్డ్ అనే జట్టు పెద్దతో తగువు పెట్టుకునేవాడు. అమెరికా సర్వర్లో ఆడే హైదరాబాదు కుర్రాడికి న్యూయార్క్ రాత్రి ఎనిమిదంటే ఇక్కడ తెల్లవారుజాము. కాలేజీకి ఎంత లేపినా లేవనివాడు డ్రాగన్ కోసం అలారం లేకుండా లేచి కూర్చునేవాడు.

ఇదంతా రాక్షసుడు రాల్చే ఇనుప తొడుగు కోసమే అనుకుంటే మనమూ కంపెనీ మీటింగులో కూర్చోవడానికి పనికొస్తాం. అప్పట్లో ఆడినవాణ్ని ఇప్పుడు పలకరించి చూడండి. తొడుగు పేరు గుర్తుండదు. బాంబు అయినప్పుడు తలుపు తీయడానికి వెళ్లినవాడి పేరు మాత్రం ఇంటిపేరుతో సహా చెబుతాడు. ఆ ఎదురుచూపూ, ఆ తిట్లూ, పన్నెండోసారి చచ్చాక వచ్చే ఆ పిచ్చి నవ్వూ కలిస్తేనే ఆట. కంపెనీలు పనిగట్టుకుని ఊడ్చి పారేసింది సరిగ్గా దాన్నే.

2009 డిసెంబరులో వార్‌క్రాఫ్ట్‌లో ఒక మీట వచ్చింది. అంతకు ముందు అయిదుగురు కలిసి గుహలోకి వెళ్లాలంటే ఊరి నడిబొడ్డున నిలబడి "హీలర్ కావాలి బాబూ" అని అరవాలి, దొరికినవాడితో నాలుగు మాటలు కలపాలి, దారంతా నడవాలి. మీట వచ్చాక నొక్కితే చాలు, వేరే వేరే సర్వర్ల నుంచి మనుషుల్ని తెచ్చి యంత్రమే గుహలో పడేస్తుంది. పిల్లల్ని పడుకోబెట్టాక దొరికే గంటలో ఆడుకునే అమ్మకో నాన్నకో ఇది వరమే, కాదనను. కానీ ఆ అయిదుగురూ పలకరించుకోవడం మానేశారు. "నమస్తే" అన్నవాణ్ని వింతగా చూశారు. మళ్లీ జన్మలో కనబడని వాడితో మర్యాద దేనికి? కాస్త నెమ్మదిగా ఉన్నవాణ్ని ఓటు వేసి బయటికి గెంటారు. ఆ రోజుల్లోనే గేర్‌స్కోర్ అనే లెక్క వచ్చింది. అది మనిషి ఒంటి మీది సామగ్రినంతా కూడి ఒక అంకె తేలుస్తుంది. అంకె తక్కువైతే గుంపులోకి రానివ్వరు. ఈ లెక్క కనిపెట్టింది కంపెనీ కాదండోయ్, ఆటగాళ్లే. పెళ్లిచూపుల్లో జీతం అడిగినట్టుందని ఏడ్చినవాళ్లే, తమ వంతు వచ్చేసరికి ఎదుటివాణ్ని అంకె అడిగారు.

అందుకే కంపెనీల మీద నాకు కోపం సగమే. మిగతా సగం ఆడేవాళ్లకే రిజర్వు. దేనికి విలువిస్తారని అడిగితే అందరూ స్నేహం, సాహసం, కథ అనే చెబుతారు. 2010 ఏప్రిల్లో అదే వార్‌క్రాఫ్ట్‌లో నక్షత్రాలు మెరిసే గుర్రం ఒకటి 25 డాలర్లకు పెట్టారు. అది ఉన్న గుర్రం కంటే అంగుళం వేగంగా పోదు. దానికోసం వేలమంది ఆన్‌లైన్ క్యూలో నిలబడ్డారు. మరుసటి ఏడాది 'ఈవ్ ఆన్‌లైన్' అనే అంతరిక్షం ఆటలో ఒంటికంటి అద్దానికి 60 డాలర్ల పైచిలుకు ధర పెట్టారు. ఇక్కడ మాత్రం ఆటగాళ్లు ఓడలేసుకుని జీటా అనే సంతకు తరలివచ్చి, పగలని స్మారక స్తంభాన్ని తుపాకులతో కాల్చి నిరసన తెలిపారు. పాతిక డాలర్ల గుర్రం ముద్దు, అరవై డాలర్ల కళ్లద్దం చేదు. ఆటగాళ్ల విలువలంటే ఇంత పటిష్ఠమైనవి.

ఆటగాళ్లకేం కావాలో వాళ్లకంటే తమకే బాగా తెలుసనుకుని బోర్లా పడిన ఘనత 'స్టార్ వార్స్ గెలాక్సీస్' అనే ఆటది. అందులో ముప్పైకి పైగా వృత్తులు ఉండేవి. దర్జీ ఉండేవాడు, వంటవాడు ఉండేవాడు, క్యాంటీనాలో నాట్యం చేసి యోధుల అలసట తీర్చే నర్తకి ఉండేది. నెలల తరబడి బట్టలే కుట్టి, తన కొట్టుకు పేరు తెచ్చుకుని మురిసిపోయినవాళ్లు ఉన్నారు. యజమానులకు ఇది నచ్చలేదు. జనం సినిమాలో హీరోలు కావాలనుకుంటారు గానీ ఎడారిలో తేమ పట్టి బతికే ఓవెన్ మామ కావాలనుకోరని ఒక అధికారి పత్రికకు చెప్పారు. 2005 నవంబరులో రాత్రికి రాత్రి ఆ వృత్తులన్నీ ఎత్తేసి తొమ్మిది మిగిల్చారు. అప్పటిదాకా అపురూపంగా దొరికే జెడై వీరుడి వేషం చేరినవాళ్లకల్లా మొదటిరోజే ఇచ్చేశారు. అందరూ అందలం ఎక్కేవారే అయితే మోసేదెవరని మన పల్లెల్లో చిన్నపిల్లాడూ అడుగుతాడు. అక్కడ ఎవరూ అడగలేదు. దర్జీలు కత్తెర పడేసి వెళ్లిపోయారు, బట్టలు కొనే హీరోలూ వాళ్ల వెనకే వెళ్లారు. 2011 డిసెంబరులో ఆటే మూతపడింది.

బ్లిజార్డ్ వాళ్లు ఇంకో మెట్టు పైన. 2013లో వాళ్ల ఉత్సవంలో ఒక ఆటగాడు లేచి, మొదట్లో ఉన్న కష్టమైన ఆటను మళ్లీ పెడతారా అని అడిగాడు. వేదిక మీదున్న కంపెనీ అధికారి జె. అలెన్ బ్రాక్ చెప్పిన జవాబు సారాంశం: మీకు కావాలని మీరనుకుంటున్నారు గానీ మీకు అక్కర్లేదు. కోడలికి ఆకలి లేదని అత్తగారు చెప్పినంత ధీమాగా అన్నారు. కొందరు ఔత్సాహికులు 'నోస్టాల్రియస్' పేరుతో పాత ఆటను సొంతంగా నడుపుకుంటే 2016లో లాయరు నోటీసు పంపి మూయించారు. దాని మీద రెండున్నర లక్షలకు పైగా సంతకాలు వచ్చి పడ్డాయి. ఆ మరుసటి ఏడాది ఉత్సవంలో పాత ఆటను తిరిగి తెస్తున్నామని ప్రకటించింది ఎవరనుకున్నారు? ఆ బ్రాక్‌గారే.

2019 ఆగస్టులో అది 'క్లాసిక్' పేరుతో వచ్చింది. లాగిన్ కావడానికే గంటల క్యూ. లోపలికెళ్తే ఇంకో క్యూ. ఒకే రాక్షసుణ్ని వందలమంది చంపాల్సి రావడంతో, ఎవరూ చెప్పకుండానే జనం రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు వరుసగా నిలబడ్డారు. రాక్షసుడు పుట్టగానే ముందున్నవాడు చంపి పక్కకు జరుగుతాడు, తర్వాతి వాడు ముందుకొస్తాడు. మధ్యలో దూరబోయినవాణ్ని అందరూ కలిసి తిట్టారు. విసుగంటే పారిపోతారని కంపెనీ ఎవరి గురించి అనుకుందో వాళ్లు ఆ క్యూలో కబుర్లు చెప్పుకుంటూ పండగ చేసుకున్నారు.

పండగ ఎంతకాలం? వారం తిరక్కుండానే ఒక గిల్డ్ మోల్టెన్ కోర్ అధిపతి రాగ్నరోస్‌ను పడగొట్టేసింది. ఆ తర్వాత జనం వరాల వేటలో పడ్డారు. ఊళ్లో డ్రాగన్ తల వేలాడదీసినప్పుడల్లా అక్కడున్నవాళ్లకు బలం పెరుగుతుంది, రెండు గంటలు. లాగౌట్ అయితే ఆ గడియారం ఆగిపోతుంది. కాబట్టి వరాలు పోగు చేసుకుని, వారాంతపు దండయాత్ర దాకా ఆటలోకి రాకుండా ఉండేవాళ్లు. బాగా ఆడటం కోసం ఆడటం మానేశారన్నమాట! చివరికి 2021లో ఆ వరాలను భద్రపరిచే వస్తువొకటి కంపెనీయే ఆటలో పెట్టాల్సి వచ్చింది. అదే ఏడాది క్లాసిక్‌లోనూ డబ్బుకు లెవెల్ అమ్మడం మొదలెట్టారు, 58వ లెవెల్‌కు 40 డాలర్లు. 2023లో డాలర్లిచ్చి ఆటలోని బంగారం తెచ్చుకునే టోకెన్ కూడా వచ్చింది. కష్టం కావాలని సంతకాలు పెట్టినవాళ్లే కష్టం తప్పించే సరుకు కొన్నారు. ఇదేం వింతని తల పట్టుకునేలోగా, అదే 2023 ఆగస్టులో హార్డ్‌కోర్ సర్వర్లు తెరిచారు. అక్కడ ఒక్కసారి చస్తే అంతే, నెలల కష్టం బూడిద. జనం అక్కడికీ పరుగెత్తారు.

ఈ గజిబిజిని సర్దడానికి కంపెనీల సలహాదారులు 1996 నాటి ఒక వ్యాసాన్ని జాతకచక్రంలా వాడుకుంటారు. రాసింది రిచర్డ్ బార్టిల్, ఈ జాతి ఆటలకు తాతలాంటి, 1978లో మొదలైన 'మడ్'ను రాసినవారిలో ఒకరు. ఆటగాళ్లలో సాధించేవాళ్లు, తిరిగి చూసేవాళ్లు, స్నేహం చేసేవాళ్లు, ఎదుటివాణ్ని కొట్టేవాళ్లు అని నాలుగు రకాలు చెప్పారు. ఆయన చెప్పింది ఈ నాలుగు రకాలూ ఒకే లోకంలో ఎలా ఇమడాలని. వీళ్లు నేర్చుకున్నది ఒక్కో రకానికి ఒక్కో ప్యాకేజీ ఎలా అమ్మాలని.

ఏ ప్యాకేజీలోనూ పట్టనిది ఒకటుంది. నార్వేలో మాట్స్ స్టీన్ అనే యువకుడు కండరాలు క్షీణించే జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమై, పాతికేళ్ల వయసులో 2014లో చనిపోయాడు. కొడుకు ఒంటరిగా పోయాడనుకున్నారు తల్లిదండ్రులు. అతని మరణవార్త పెట్టాక, వార్‌క్రాఫ్ట్‌లో అతనితో తిరిగినవాళ్ల నుంచి సందేశాలు వెల్లువెత్తాయి. కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు. 2024లో దాని మీద డాక్యుమెంటరీ వచ్చింది. అతను సంపాదించుకున్నది ఏ లెవెల్ బూస్ట్‌లో వస్తుందో, ధరెంతో కొట్టువాళ్లు చెప్పాలి.

ఆడే పిల్లలకూ, పిల్లల్లా ఆడే పెద్దలకూ నాదొక విన్నపం. ఈసారి కంపెనీ నుంచి సర్వే వస్తే నిజం రాయండి. పక్కవాడికి లేని గుర్రం కావాలనుంటే గుర్రమనే రాయండి. స్నేహమని రాసి గుర్రం కొనకండి. స్నేహమే కావాలనుంటే, ఇవాళ రాత్రి మీ గుంపులో ఆలస్యం చేస్తున్న హీలర్‌ను ఓటేసి గెంటకుండా ఒక పది నిమిషాలు ఆగండి. పాపం, భోంచేస్తున్నాడు.