మహారాజశ్రీ మంచు దొరవారి సముఖమునకు

రాకీ పర్వతాల మంచు దొరవారికి బేర్ లేక్ చుట్టూ నడిచేవాళ్లు సమర్పించుకునే బహిరంగ అర్జీ.

అయ్యా,

కొలరాడోలో 1915లో ఏర్పడిన రాకీ మౌంటెన్ నేషనల్ పార్కును వేసవిలో ఒక సర్కారు, చలికాలంలో మరో సర్కారు ఏలుతున్నాయి. వేసవి సర్కారుకు కాగితాలంటే ప్రీతి. మే నెలాఖరు నుంచి అక్టోబరు మధ్యదాకా పగటిపూట బేర్ లేక్ రోడ్డెక్కాలంటే ఆన్‌లైన్‌లో 2 డాలర్లు కట్టి, రెండు గంటల వ్యవధి ముందే ఖాయం చేసుకోవాలి. తిరుమల టైమ్‌స్లాట్ టోకెన్లు చూసిన తెలుగువాళ్లకు ఇదేమంత వింత కాదు. డెన్వర్‌లో పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలు ఇట్టే అర్థం చేసుకుంటారు.

నడకా చిన్నదే. సరస్సు చుట్టూ తిరిగితే కిలోమీటరు పైచిలుకు. ఓపికుంటే పక్కబాట పట్టి నింఫ్, డ్రీమ్, ఎమరాల్డ్ సరస్సుల దాకా పోవచ్చు. ఆఖరిది మూడు కిలోమీటర్ల లోపే. కాకపోతే అదంతా దాదాపు 2,900 మీటర్ల ఎత్తున మొదలవుతుంది. లాంగ్స్ పీక్ శిఖరాన్ని మెచ్చుకుంటున్నట్టు నిలబడి ఊపిరి పీల్చుకునే నాన్నగార్లు అక్కడ కోకొల్లలు.

అర్జీదారుల గోడు ఏమంటే, వేసవి సర్కారు గద్దెనెక్కినా తమరు బంగళా ఖాళీ చెయ్యరు. జూన్ వచ్చినా చెట్లనీడన తిష్ఠ వేసుకునే ఉంటారు. చలికాలమంతా జనం తొక్కి తొక్కి గట్టిపడ్డ మంచు బాట మధ్యన గట్టులా నిలుస్తుంది. ఎదురొచ్చేవాళ్లకు దారి ఇద్దామని మర్యాదగా పక్కకు జరిగారా, కాలు తొడదాకా దిగిపోతుంది. పైకి లాగితే కాలొస్తుంది, చెప్పు లోపలే ఉంటుంది.

నడి చలికాలంలో తమరి పాలన మాత్రం, ఒప్పుకోవాలి, ఉదారమైనది. ప్రవేశ రుసుము తప్ప ముందస్తు అనుమతి అక్కర్లేదు. బూట్లకు ముళ్లపట్టీలు తొడుక్కుంటే చాలు, అవి ఎస్టెస్ పార్క్ ఊళ్లో అద్దెకు దొరుకుతాయి. చిక్కల్లా హద్దుల దగ్గరే. గట్టేదో నీరేదో తెలియకుండా అంతా తెల్లగా కప్పేస్తారు. కొందరు చుట్టు తిరగడం దేనికని సరస్సు మీదుగానే అడ్డంగా నడుస్తారు. వాగు వచ్చి కలిసేచోట మంచుగడ్డ పలచనని వాళ్లకెవరు చెబుతారు?

తమరి బలమెంతో తెలియక రాసింది కాదిది. బేర్ లేక్ దగ్గర వ్యవసాయ శాఖవారు తమరిని తూచేందుకు ద్రవం నింపిన పెద్ద దిండు ఒకటి పరిచారు. తమరు దానిమీద ఎంత బరువుగా కూర్చుంటే, కిందికి అంత నీరు వస్తుందని లెక్క. కనుక తమరిని రావద్దనే ధైర్యం ఎవరికీ లేదు. మే నెలాఖరుకల్లా కనీసం సరస్సు చుట్టూ బాట మట్టుకు తమరు ఖాళీ చెయ్యాలని అర్జీదారులు కోరుతున్నారు.

ఇట్లు,
చెప్పులు పోగొట్టుకున్నవాళ్లు

నకలు: జులై మధ్యాహ్నపు ఉరుముల మేఘంవారికి. మెరుపులకు భయపడి అర్జీదారులు పొద్దున్నే నడక ముగిస్తున్నారు, వేళకు ముందు రావద్దని మనవి.